ఇంట్లో ఒకరికి డిప్రెషన్ ఉంటే పక్కనున్నవాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి

విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి, ముంత మసాలా కొనిపెట్టి, "అన్నీ సర్దుకుంటాయిలే" అని చెప్పి మళ్లీ ఇంటి దగ్గర దించేయడం. దిగులుగా ఉన్నవాళ్లకు మన ఊళ్లో చేసే వైద్యం చాలావరకు ఇదే. మామూలు దిగులుకు అది పనిచేస్తుంది కూడా. డిప్రెషన్‌కు చాలదు. ఆ జబ్బులో ఉన్న మనిషికి లేచి పళ్లు తోముకోవడానికి, ఏ కూర వండాలో తేల్చుకోవడానికి, డాక్టరుకు ఫోన్ చేయడానికి కూడా సత్తువ ఉండదు. ఇంక మీ సలహాలు వినే ఓపిక ఎక్కడిది? వాళ్లు తేల్చుకోవలసినవీ, మోయవలసినవీ ఒక్కొక్కటిగా తగ్గించడమే మీ పని. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోవే.

ముందు చూడండి, చూసింది రాసుకోండి

ఉద్యోగం పోయినా, కుదిరిన సంబంధం తప్పిపోయినా, అయినవాళ్లు పోయినా ఎవరికైనా మనసు బాగోదు. డాక్టర్లు చూసే గీత వేరు: దాదాపు రోజంతా, దాదాపు రోజూ, కనీసం 2 వారాలు. మనసు కుంగిపోయి ఉండటం, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, ఈ రెంటిలో ఒకటైనా ఉండాలి. వాటితోపాటు నిద్ర, ఆకలి మారిపోవడం, ఊరికే అలసిపోవడం, కదలికలు మందగించడం లేదా కాలు ఒకచోట నిలవకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, "అంతా నా వల్లే" అనుకోవడం, చావు ఆలోచనలు. మొత్తం 9 లక్షణాల్లో 5 ఉంటే డిప్రెషన్ అంటారు. ఆ లెక్క తేల్చేది డాక్టరే. మీరు చేయవలసింది తేదీ వేసి రాయడం.

ఒక చిక్కుంది. మనవాళ్లు "మనసు బాగోలేదు" అని నోరు తెరిచి చెప్పరు. తల బరువు, గుండె దడ, గ్యాస్, కాళ్ల పీకులు, ఒళ్లంతా మంటలు అంటారు. ఈసీజీ, స్కానింగు అన్నీ బాగానే వస్తాయి, మనిషి మాత్రం కోలుకోడు. మగవాళ్లలో కొందరికి ఇది ఏడుపుగా కాకుండా చిరాకుగా, తాగుడుగా బయటపడుతుంది. స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టులు చేసేవాళ్ల నిద్ర ఎలాగూ చెదిరే ఉంటుంది కాబట్టి, సెలవు రోజుల్లో, పగటి షిఫ్టు వారంలో ఎలా నిద్రపోతున్నారో చూసి రాయండి. వయసు మళ్లినవాళ్లలో దీన్ని మతిమరుపు అనుకుని వదిలేస్తారు. బాలింతలకు మొదటి పది రోజుల్లో ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. అది 2 వారాలు దాటినా తగ్గకపోతే "పచ్చి ఒళ్లు కదా, అలాగే ఉంటాది" అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

మాట కలపడం

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే విచారణలా ఉంటుంది. పక్కపక్కన ఏదో పని చేసుకుంటూ అడగండి: చిక్కుళ్లు వలుస్తూ, మేడ మీద బట్టలు తీస్తూ. ఈ జబ్బులో కొందరికి పొద్దుటిపూట బాగా భారంగా ఉండి, సాయంత్రానికి కొంచెం తేలికపడుతుంది. అలాంటివాళ్లను అడగడానికి సాయంత్రం మేలు. ఇంట్లో మిగతావాళ్లు లేనప్పుడు.

మొదటి మాట ఇలా ఉండొచ్చు:

"ఒరే తమ్ముడూ, నెల్రోజుల్నుంచి నువ్వు సరిగ్గా తింటల్లేదు. రాత్రి మూడింటికి లేచి కూకుంటన్నావు. నాకు గాబరాగా ఉంది. చెప్పాలనిపిస్తే చెప్పు, లేపోతే లేదు. నానిక్కడే ఉంటాను."

ఇందులో కంటికి కనిపించినదే ఉంది. నిందించలేదు, ఎందుకని అడగలేదు. "ఎందుకలా ఉన్నావు?" అనే ప్రశ్నకు వాళ్ల దగ్గరా జవాబుండదు. జవాబు లేదని ఇంకా కుంగిపోతారు. మీరు మాట ముగించాక మనసులో ఇరవై లెక్కపెట్టండి. ఆ మౌనం భరించలేక మనమే ఏదో ఒకటి అనేస్తాం, వాళ్లు చెప్పబోయింది అక్కడే ఆగిపోతుంది.

"నీకేం తక్కువ?", "మీ నాన్న పడ్డ కష్టాల్లో పదో వంతు పడ్డావా?", "పెళ్లి చేస్తే అదే పోతాది." ఈ మూడూ ఈ జబ్బుకు ఎరువులు. మూడోదైతే ఇంకో మనిషి జీవితాన్ని కూడా ఇందులోకి లాగుతుంది. సింహాచలం వెళ్లొస్తానంటే తీసుకెళ్లండి, తాయెత్తు కట్టించుకుంటానంటే అడ్డుపడకండి. మందు మానకూడదు, కొట్టడం కట్టడం ఉండకూడదు, ఈ రెండూ మాత్రం గట్టిగా చెప్పండి.

"ఏమైనా కావాలంటే అడుగు" అనే మాట కూడా వట్టిదే. అడగడానికే ఓపిక లేని జబ్బు ఇది. "ఆరింటికి వస్తాను, ఇడ్లీలు తెస్తాను, నువ్వేం మాట్లాడక్కర్లేదు" అనండి. ఆరింటికే వెళ్లండి.

చావు మాట సూటిగా అడగండి

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. నాన్చకుండా "చచ్చిపోవాలనిపిస్తోందా?" అనే అడగండి. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని అడిగితే "లేవు" అన్న జవాబు కూడా మీరే అందించినట్టు.

అవునంటే మెల్లగా ఇంకో మూడు అడగాలి: ఎలాగన్నది ఆలోచించావా? ఎప్పుడని అనుకున్నావా? దానికి కావలసింది నీ దగ్గర ఉందా? "పొద్దున లేవకపోతే బాగుణ్ణు" అనిపించడం ఒక మెట్టు. దారీ సమయమూ తేల్చుకుని ఉండటం దానికన్నా చాలా పై మెట్టు. అక్కడికి చేరిన మనిషిని ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు, ఎలుకల మందు, ఇంట్లో అందరి మాత్రలూ (తాతగారి షుగరు మాత్రలతో సహా) సంచిలో వేసి పక్కింట్లోనో చెల్లెలి ఇంట్లోనో పెట్టించండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలదు, తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లోవాళ్లకు తెలుసు. అపార్ట్‌మెంటైతే మేడ తలుపుకు తాళం వేయించండి. ఈ ఆలోచన ఉధృతంగా ఉండే సమయం చాలాసార్లు కొద్దిసేపే. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది.

అప్పుడే 14416కు ఫోన్ చేయండి. ఇది టెలిమానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పక్కనున్నవాళ్లు కూడా చేయొచ్చు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే ఫోన్లతో సరిపెట్టకుండా 108 పిలిచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. ఏదైనా మింగితే, మనిషి బాగానే కనిపిస్తున్నా సరే, వెంటనే బయల్దేరాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. సీసా, మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.

పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆసుపత్రిలో వివరాలు రాసుకోవడం వేరు, కేసు వేరు.

ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒట్టు వేయించుకోవడం. "నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ అలా ఆలోచించనని చెప్పు" అని తల మీద చెయ్యి పెట్టించుకుంటారు. ఆలోచన ఒట్టుతో ఆగదు. మళ్లీ వచ్చినప్పుడు చెప్పే దారి మాత్రం మూసుకుపోతుంది. "మళ్లీ అనిపిస్తే అర్ధరాత్రైనా నన్ను లేపు" అనండి. రహస్యంగా ఉంచుతానని మీరు కూడా మాట ఇవ్వకండి. వారాల తరబడి కుంగి ఉన్న మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారి, ఏటీఎం పిన్‌లు, ఎల్ఐసీ కాగితాలు అప్పగిస్తుంటే సంతోషించకండి, దగ్గరుండండి.

డాక్టరు దగ్గరికి

మందు రాసేది సైకియాట్రిస్టు. మాటలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు, వాళ్లకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది, అడిగి చూసుకోండి. కౌన్సెలర్ అన్న బోర్డు ఒక్కటే చూసి నమ్మేయకండి. జబ్బు తేలికగా ఉంటే మాటల చికిత్సే సరిపోవచ్చు. తిండి, నిద్ర, పని మూడూ దెబ్బతిన్నాయంటే ముందు సైకియాట్రిస్టుకే చూపించాలి.

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉత్తరాంధ్ర అంతటికీ పెద్ద దిక్కు. ఊళ్లో దానికున్న పేరే అడ్డం: "పిచ్చాసుపత్రికి నేను రాను." అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని, మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోయేవాళ్లే. ఆ సంగతి చెప్పండి. అయినా రానంటే ప్రైవేటు క్లినిక్కులో మొదలుపెట్టండి, లేదా "నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం" అని మామూలు ఫిజీషియన్ దగ్గరికి. అది అబద్ధం కాదు. పెళ్లికని చెప్పి ఆటో ఎక్కించి ఆసుపత్రి ముందు దించితే మాత్రం ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు.

రక్త పరీక్షలు కొన్ని ముందే చేయించుకుంటే ఒక తిరుగుడు తగ్గుతుంది: థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12, షుగరు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా అచ్చం ఇలాగే నీరసం, మందకొడితనం వస్తాయి.

ఓపీలో మీకు దొరికేవి కొద్ది నిమిషాలే. అందుకే ఒక్క కాగితం రాసుకెళ్లండి. ఇలా ఉంటే చాలు:

ఎప్పట్నుంచి: దసరా తర్వాత నుంచి, సుమారు 7 వారాలు.
నిద్ర: 11కి పడుకుంటాడు, 3కి మెలకువ, మళ్లీ పట్టదు.
తిండి: ఒక పూటే. బరువు 68 నుంచి 64.
పని: ఈ నెలలో 6 రోజులు డ్యూటీకి పోలేదు.
చావు మాట: రెండుసార్లు అన్నాడు, ఎలాగన్నది చెప్పలేదు.
వాడే మందులు: బీపీ మాత్ర, నడుం నొప్పి మాత్ర (అట్ట తెచ్చాం).
తాగుడు: వారానికి 3 రోజులు, క్వార్టరు.
విపరీతమైన హుషారు ఎప్పుడైనా: రెండేళ్ల కిందట పది రోజులు నిద్ర లేకుండా తిరిగాడు, అప్పుచేసి రెండు బళ్లు కొన్నాడు.
కుటుంబంలో: పెద్దమ్మకు ఇలాగే ఉండేది.

ఈ కాగితంలో చివరి నుంచి రెండో వరస అన్నిటికన్నా విలువైనది. అలాంటి హుషారు ఉండి ఉంటే అది బైపోలార్ (కుంగుబాటూ, విపరీతమైన హుషారూ మారిమారి వచ్చే జబ్బు) కావచ్చు. దానికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి మళ్లీ ఆ విపరీతంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఆ ముచ్చట చెప్పుకోవడం నామోషీ అనుకుని ఇంట్లోవాళ్లే దాచేస్తుంటారు. తాగుడు కూడా ఉన్నదున్నట్టు రాయండి, సగం తగ్గించి కాదు.

కాగితం ఇచ్చాక మీరు కాసేపు బయటికి రండి. అమ్మ పక్కనుంటే కొడుకు నోట రాని మాటలు కొన్ని ఉంటాయి.

మాత్రలు: మొదటి ఆరు వారాలు

ఎక్కువమందికి మొదట రాసేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్ లాంటివి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, విరేచనాలు, కొంచెం కంగారు ఉండొచ్చు, సాధారణంగా వాటంతటవే తగ్గుతాయి. మేలు మాత్రం 2 వారాల తర్వాత మెల్లగా మొదలవుతుంది. ఈ మందు పనిచేస్తోందా లేదా అని తేల్చడానికి సరైన మోతాదులో 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే కష్టం ముందు, సుఖం తర్వాత. "ఈ మాత్రలు పడలేదు" అని మానేసేది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే. తేదీలతో సహా ముందే చెప్పండి: ఈ శుక్రవారం దాకా కడుపులో తిప్పుతుంది, వచ్చే నెల పదో తారీఖు దాకా తీర్పు చెప్పొద్దు.

ఈ వారాల్లోనే మరో జాగ్రత్త. మనసు తేలికపడకముందే ఒంట్లోకి కదలిక రావచ్చు. 25 ఏళ్లలోపువాళ్లలో కొందరికి మొదట్లో చావు ఆలోచనలు ఎక్కువ కావచ్చు. మొదటి నెల కళ్లు వాళ్ల మీదే ఉండాలి. కుదురులేకుండా అటూఇటూ తిరగడం, నిద్ర పూర్తిగా పోవడం కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకండి.

మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని వారానికి సరిపడా మాత్రమే డబ్బాలో పెట్టండి. వేసుకున్న రోజు గోడ క్యాలెండర్‌లో తిథి పక్కన పెన్సిలుతో ఒక చుక్క, దాని పక్కన ఆ రోజు మనసెలా ఉందో పదికి ఒక అంకె. నెల తిరిగాక 2, 3, 2, 2, 4, 3, 4 అని పైకి జరుగుతున్న అంకెలు వాళ్లకు కనిపించవు, మీకు కనిపిస్తాయి. డాక్టరుకు కూడా అదే చూపించండి. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయకూడదు.

బాగైందనిపించాక కూడా కనీసం 6 నెలలు కొనసాగించాలి. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం రావచ్చు, జబ్బు కూడా తిరిగి రావచ్చు. "అలవాటైపోతాయి" అని భయపెట్టే చుట్టాలకు ఒక తేడా చెప్పాలి: అలవాటు పడే గుణం ఉన్నది నిద్రకూ కంగారుకూ కొద్ది రోజులకని రాసే ఆల్ప్రాజోలం, క్లోనాజెపాం లాంటివాటికి. డాక్టరు ఆపమన్నాక కూడా పాత చీటీ చూపించి మందుల షాపులో తెచ్చుకునేది అవే. పైగా, మగవాళ్లు చెప్పకుండా మాత్ర మానేయడానికి మరో కారణముంది, పడకగదిలో ఇబ్బంది. దానికి మోతాదు తగ్గించడం, మందు మార్చడం లాంటి దారులున్నాయి. భార్యాభర్తలు కలిసి డాక్టరుకు చెబితే ఐదు నిమిషాల పని.

రోజు గడిపించడం

లేచే వేళ ఒకటే ఉంచండి, రాత్రి ఎంత చెడిపోయినా సరే. "స్నానం చెయ్యి" అనే బదులు బకెట్టులో వేణ్ణీళ్లు తోడి, తువ్వాలూ ఉతికిన బట్టలూ తలుపుకు తగిలించి, "నీళ్లు చల్లారిపోతాయి" అనండి. "ఏం తింటావు?" అంటే "వద్దు" అంటారు. "చారన్నమా, పెరుగన్నమా?" అంటే ఒకటి చెబుతారు. చెప్పకపోతే చిన్న గిన్నెలో కలిపి చేతికివ్వండి. పళ్లెం నిండా వడ్డిస్తే చూడగానే కడుపు నిండిపోతుంది. రాగి జావ కూడా ఈ రోజులకు మంచిదే.

నడక బీచ్ రోడ్డులోనే అక్కర్లేదు. వాళ్లు ఎంత ఒప్పుకుంటే అందులో సగం మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలంటే పది. వీధి చివర పాలబూత్ దాకా వెళ్లి వచ్చినా లెక్కే. మనసు బాగయ్యాక నడుద్దామని ఆగితే అది రాదు. ఈ జబ్బులో పని ముందు, ఉత్సాహం వెనక. స్నానం చేసి వచ్చిన మనిషిని చూసి "అబ్బో, ఈవేళ సూర్యుడు ఎటు పొడిచాడో!" అనకండి. వెటకారం సంగతి అలా ఉంచి, మెచ్చుకోలు కూడా ఎక్కువైతే చిన్నపిల్లాణ్ణి చేసినట్టుంటుంది. కాఫీ చేతికిస్తే చాలు.

కరెంటు బిల్లు, ఈఎంఐ, పిల్లల ఫీజు తేదీలు మీరు తీసుకోండి. సెలవుకు డాక్టరు సర్టిఫికెట్ అడగండి. రాజీనామా, విడాకులు, స్థలం అమ్మడం లాంటి తీర్మానాలను "మూడు నెలలాగి చూద్దాం" అని పక్కన పెట్టించండి. వద్దని వాదిస్తే పంతం వస్తుంది.

చుట్టాలకు ఒకే మాట చెప్పండి: "ఒంట్లో బాగోలేదు, మందులు వాడతన్నాం." ఎక్కువ వివరాలు మనిషి అనుమతి లేకుండా చెప్పకూడదు. పలకరింపుకొచ్చి గదిలో దూరి ఉపదేశాలు చేసేవాళ్లను వరండాలోనే కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపండి.

మీ వంతు

ఇది నెలల పని. ఒక్కరే మోస్తే నాలుగో వారానికి మీరే అరుస్తారు. కనీసం ఇద్దరుండాలి, వారాలు పంచుకోవాలి: ఫలానా రోజులు వదిన, ఆదివారం బావ. వారంలో ఒక సాయంత్రం మీది, ఆ రోజు జబ్బు మాట ఎత్తకూడదు. విసుక్కున్న రోజు "ఇందాక అరిచాను, తప్పే" అని ఒక్క మాట అనేసి వదిలేయండి. ఆరేడు వారాలైనా క్యాలెండర్‌లో అంకెలు కదలకపోతే తప్పు మీదీ కాదు, వాళ్లదీ కాదు. మోతాదు, మందు, థైరాయిడ్, చాటుగా సాగుతున్న తాగుడు: ఈ నాలుగూ డాక్టరుతో మళ్లీ చూడాలి.

ఒకసారి వచ్చినవాళ్లకు ఇది మళ్లీ వచ్చే అవకాశం ఉంది. అందుకే బాగా ఉన్న రోజున, వాళ్లనే అడిగి, వాళ్ల చేతిరాతతోనే ఒక చీటీ రాయించండి: తనకు మొదట ఏం మారుతుంది (కొందరికి గడ్డం గీసుకోవడం మానేయడం, కొందరికి ఫోన్లు ఎత్తకపోవడం, కొందరికి తెల్లారుజామున మెలకువ), అది కనిపిస్తే ఎవరు చెప్పాలి, ఎవరు చెబితే కోపం రాదు, ఏ డాక్టరు, ఏ మాత్ర పనిచేసింది, ఎంత మోతాదు. కింద 14416. దాన్ని బీరువా తలుపు లోపలివైపు అంటించండి, రేషన్ కార్డు జిరాక్సు పక్కన.